ఇస్త్రీ బల్లకి అవతలి వైపు

నేను అక్షరాలు తలకిందులుగా నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. నా కూతురు ఆస్పత్రిలో నర్సు, అల్లుడు లారీ మీద తిరిగే మనిషి. ఇంట్లో కనిపెట్టుకుని ఉండేవాళ్ళు లేక, మనవరాలు బడి వదలగానే తిన్నగా నేను పనిచేసే లాండ్రీకి వచ్చేసేది. ఇస్త్రీ బల్లకి ఇటు నేను, అటు ఎత్తు పీట మీద అది. దాని పుస్తకం దాని వైపు ఉండేది, నా చొక్కా నా వైపు ఉండేది. అది వేలు పెట్టి పైకి చదువుకుంటుంటే, నేను ఆవిరిలోంచి ఆ వేలి వంకే చూస్తూ పెట్టె తోసేదాన్ని.

అలా ఏళ్ళు గడిచాయి. ఏ గీతని ఏమని పలకాలో నాకు తెలియకుండానే పట్టుబడింది. అయితే అన్నిటికీ కాళ్ళు పైకి, తల కిందికి. ఒకసారి దుకాణంలో సబ్బు డబ్బా తిరగబడి ఉంటే దాని మీద పేరు గడగడా చదివేశాను. తిన్నగా నిలబెడితే ఒక్క ముక్క రాలేదు. ఇదేం చదువురా దేవుడా అని నాలో నేనే నవ్వుకుని డబ్బా అరలో పెట్టి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి అదేమన్నా ఘనకార్యమా?

మా ఆయన ఉన్నన్నాళ్ళూ నాకు అక్షరాలతో పని పడలేదు. బస్సు బోర్డు ఆయనే చదివేవాడు, మందు సీసా ఆయనే చదివేవాడు. ఆయన పోయాక బస్టాపులో నిలబడి పక్కవాళ్ళని అడగాల్సి వచ్చేది. అడగడానికి నాకో ముఖం ఉండేది. నోరు కొంచెం తెరిచి, కళ్ళు దించి, ముందే క్షమించమన్నట్టు ఓ అర నవ్వు. ఆ ముఖం పెడితే ఎవరూ కసురుకోరు. జాలిపడి చెబుతారు, చెప్పి మరచిపోతారు.

మనవరాలు కాలేజీలో చేరాక, తోటి పిల్లల్ని కూడగట్టుకుని లాండ్రీ వెనక గదిలో సాయంత్రం చదువులు మొదలుపెట్టింది. ఇస్త్రీ చేసే బొంగరం, బొత్తాలు కుట్టే ఆవిడ, మడతలు పెట్టే పిల్ల, నేను. బొంగరం అనే పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా సరిపోయింది, ఒక్క చోట నిలవదు ఆ మనిషి. నాకు చదువు తొందరగా వచ్చింది. అమ్మమ్మ ఎంత చురుకో అని మనవరాలు మురిసిపోయింది. సగం చదువు దాని పుస్తకంలోంచి ముందే దొంగిలించానని దానికేం తెలుసు? నేను చేసిందల్లా ఆ అక్షరాల్ని తిరగేసి నిలబెట్టుకోవడమే. నా కూతురి బ్యాడ్జీ మీద పేరు చదివిన రోజున ఇంట్లో ముగ్గురం ఏడ్చాం. ఆ తర్వాత, అమ్మకి చదువొచ్చాక ఇంట్లో పొట్లం కాగితాలు కూడా చదవకుండా మిగలట్లేదు అని నా కూతురు ఎగతాళి చేసేది.

ఇదంతా ముందు మాట. నేను చెప్పబోయేది ఆ తర్వాత వచ్చిన వానాకాలం సంగతి.

లాండ్రీకి వానాకాలమంటే గండం. ఒక్క గుడ్డా ఆరదు. హోటలు దుప్పట్లు, ఆస్పత్రి కోట్లు, అన్నీ లోపలే తాళ్ళ మీద వేలాడుతుంటే వాటి మధ్య తల వంచుకుని తిరగాలి. తడి వాసన ఒంటికి పట్టి ఇంటిదాకా వస్తుంది. ఆ వానల్లోనే ఓనరు వెనక గదికి వచ్చి గోడలు తట్టి చూసుకుని వెళ్ళాడు. ఇంకొన్నాళ్ళు చూస్తాను, కంబళ్ళ వ్యాపారి అడుగుతున్నాడు, గది ఉత్తినే ఇచ్చే రోజులు పోయాయమ్మా అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఏదో ఒకటి చెప్పి చల్లార్చేవాళ్ళం.

అది విన్న దగ్గర్నుంచి మనవరాలికి నిద్ర లేదు. విద్యార్థులే నడిపే సేవా పనులకి గ్రాంటు ఇచ్చే సంస్థ ఒకటుందని ఎక్కడో పట్టుకొచ్చింది. గ్రాంటు వస్తే గదికి అద్దె కట్టొచ్చు, మంచి దీపాలు, పుస్తకాలు, నల్లబల్ల. అంతకన్నా ముఖ్యం, ఉతుకుడు షెడ్డులో ఉండే ఆడవాళ్ళని కూడా చేర్చుకోవచ్చు. వాళ్ళు ఎప్పట్నుంచో తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలోంచి మా చదువుని చూసి వెళ్ళేవాళ్ళు. దాని స్నేహితురాలు ఒకతి ఉంది, మేం కళ్ళజోడు అని పిలిచేవాళ్ళం. ఆ పిల్లా ఇదీ కలిసి భోజనం బల్ల మీద కాగితాలు పరుచుకుని రోజుల తరబడి దరఖాస్తు రాశారు. మా పని అవసరమేమిటి, ఎవరికి మేలు, మేలు జరిగిందని ఎలా తెలుస్తుంది, ఇలా ఒక్కో ప్రశ్నకీ పేజీలకి పేజీలు. నేను వెళ్ళి వెనక నిలబడితే నా గురించి రాసిన ముక్క మనవరాలు చదివి వినిపించింది. వితంతువు, ఇస్త్రీ పని, అక్షరం ముక్క రాదు అని ఉంది.

"ఇది పాతమాట కదే" అన్నాను.

"దరఖాస్తులో అలాగే రాయాలి అమ్మమ్మా" అంది, తల ఎత్తకుండా.

దరఖాస్తు మొదటి వడపోతలో నిలిచిందని కబురొచ్చిన రోజు వానలో తడుస్తూ లాండ్రీకి పరుగెత్తుకొచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. కానీ దాని వెనకాల కళ్ళజోడు మాత్రం ముఖం వేలాడేసుకుని వచ్చింది. విషయం మెల్లగా బయటికొచ్చింది. నడుస్తున్న పనికి ఆ సంస్థ గ్రాంటు ఇవ్వదట, కొత్తగా మొదలయ్యే పనికే ఇస్తుందట. మొదలుపెట్టే ముందు వాళ్ళ మనిషే వచ్చి, నేర్చుకోబోయేవాళ్ళ స్థాయి ఎంతో పరీక్ష పెట్టి రాసుకుంటారట. ఏడాది పోయాక మళ్ళీ పరీక్ష పెట్టి, ఎంత పెరిగిందో చూస్తారట. మా పిల్లలు చేసిన తప్పల్లా ఒకటే. ఆత్రం కొద్దీ గ్రాంటు అడగకముందే చదువు చెప్పేశారు. లోకంలో ఇలాంటి తప్పు ఈ పిల్లలు తప్ప ఎవరు చేస్తారు?

మనవరాలు నా బల్ల దగ్గరికొచ్చి, పెట్టె మీద ఉన్న నా చేతి పక్కన తన చెయ్యి ఆనించింది.

"నీకో చిన్న పని చెప్తాను, కాదనకూడదు."

"చెప్పు."

"వాళ్ళు వచ్చిన రోజున మీకెవ్వరికీ చదువు రాదు."

సరదాకంటోందనుకుని నవ్వాను. అది నవ్వలేదు. కళ్ళజోడు వంక చూశాను, ఆ పిల్ల గోడ వంక చూస్తోంది. అప్పుడు నాకు చెయ్యి ఆడలేదు. చొక్కా మెడ మీద పెట్టె అలాగే ఉండిపోతే బొంగరం వచ్చి లాగేసింది.

"రానిది రాదని చెప్పడం నాకు తెలుసే" అన్నాను. "వచ్చినదాన్ని రాదని ఎలా చెప్పేది?"

"ఒక్క గంట అమ్మమ్మా. వాళ్ళు వెళ్ళిపోగానే మళ్ళీ వచ్చేస్తుంది."

ఆ మాట అంత తేలిగ్గా అంది, అప్పు తెచ్చిన గొడుగు తిరిగిచ్చినట్టు. నేను ఒప్పుకున్నాను. గది పోతుందన్న భయం ఒకటి, షెడ్డు ఆడవాళ్ళు ఒకటి, అది నా చేతి పక్కన చెయ్యి పెట్టడం ఒకటి.

చదువు రానట్టు ఉండటానికి కూడా నేర్పాల్సి వచ్చింది. రోజూ సాయంత్రం అదే పాఠం. బొంగరాన్ని పట్టలేకపోయాం. చెంప మీద చెయ్యేసుకుని, కుండ అని రాసున్న అట్టని పైకీ కిందికీ చూసి, ఇది కుండో కాదో నాకెలా తెలుస్తుందమ్మా అంది. మడతలు పెట్టే పిల్ల నవ్వాపుకోలేక దుప్పట్ల వెనక్కి వెళ్ళిపోయింది. బొత్తాలావిడది వేరే చిక్కు. నోరు మెదపదు గానీ, అట్ట చూపించగానే కళ్ళు ఎడమ నుంచి కుడికి నడిచిపోతాయి. కళ్ళజోడు పట్టేసింది. చదవనివాళ్ళు అక్షరాల్ని బొమ్మని చూసినట్టు చూస్తారు అక్కా, వరుసలో చూడరు, కళ్ళు కదపకండి అని పదేపదే చెప్పింది. పాపం బొత్తాలావిడ కళ్ళు బిగబట్టీ బిగబట్టీ నీళ్ళు తెచ్చుకుంది. నిజమే మరి. ఒకసారి వచ్చాక అక్షరం కంటబడితే చాలు, మన ప్రమేయం లేకుండానే లోపలికి వచ్చి కూర్చుంటుంది. బయటికి గెంటడం ఎవరి తరం?

నా వంతు వచ్చింది. నేనేం ఆలోచించలేదు. మనవరాలు అట్ట పెట్టగానే ఆ ముఖం దానంతటదే వచ్చేసింది. నోరు కొంచెం తెరిచి, కళ్ళు దించి, ఆ అర నవ్వుతో.

"అదీ, అలా ఉండాలి" అంది మనవరాలు. "అమ్మమ్మని చూసి నేర్చుకోండి."

నా ముఖాన చన్నీళ్ళు కొట్టినట్టయింది. పోయిందనుకున్న ముఖం అది. ఎక్కడికీ పోలేదు, లోపలే మడతపెట్టి ఉంది, నలగకుండా.

సంస్థ నుంచి వచ్చిన మేడం మంచి మనిషి. ఆ మాట ముందే చెప్పాలి. తెల్ల జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. గొడుగు బయటే దులిపి, నీళ్ళు లోపలికి రాకుండా గుమ్మం పక్కన నిలబెట్టింది. పెద్దవాళ్ళకి కుర్చీలు వేశాకే తను కూర్చుంది. మాలో ఒక్కొక్కరినీ బల్లకి ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడింది. బొంగరం ఆ రోజు భయం వల్ల అతి చేయలేదు. బొత్తాలావిడ కళ్ళద్దాలు మరిచిపోయానని చెప్పి గట్టెక్కింది. మనవరాలు మేడం వెనక నిలబడి టీ సంగతి చూస్తోంది. వానకి గది చీకటిగా ఉంటే దీపం బల్ల మీదికి తెచ్చి పెట్టింది కూడా అదే.

చివర నేను కూర్చున్నాను. మేడం మొదటి అట్ట పెట్టింది. తెలియదమ్మా అన్నాను. రెండోది పెట్టింది. తెలియదమ్మా. మూడోది నా మనవరాలు పుట్టినప్పటి నుంచీ నేను దాన్ని పిలుచుకునే మాట, తల్లి అని ఉంది. తెలియదమ్మా. ఆవిడ తొందరపెట్టలేదు. నా చేత గాలిలో గీతలు గీయించి చూసింది. గుండ్రంగా ఒక సున్న గీయండి పెద్దమ్మగారూ అంది. చెయ్యి వణికించాను. ఎవరూ వణికించమని చెప్పలేదు, అదీ దానంతటదే వచ్చింది. ఎన్నాళ్ళుగా ఈ పని, కళ్ళు కనబడతాయా, రాత్రి నిద్ర పడుతుందా అని ఎంతో ఆప్యాయంగా అడిగింది. నేను నిజాలే చెప్పాను.

తర్వాత కాగితం ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టింది. గుండ్రటి, పెద్ద అక్షరాలు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఎందుకు పెట్టుకుంటుంది? చంటిబిడ్డ ముందు మనం గొంతు తగ్గిస్తామా?

కాగితం ఆవిడ వైపు ఉంది. నేను బల్లకి ఇవతల ఉన్నాను.

'వయసు మీరింది. నేర్చుకునే దశ దాటిపోయారు. ఈమె మీద శ్రమ వృథా. జాబితాలోంచి తీసి, ఆ చోటు పడుచువాళ్ళకి ఇవ్వాలి.'

నాకు ఒక్క అక్షరం తడబడలేదు. నేను పుట్టి బుద్ధెరిగాక అంత సాఫీగా ఏదీ చదవలేదు. ముఖం మాత్రం అలాగే ఉంది, నోరు కొంచెం తెరిచి. తలకిందుల చదువుకి కళ్ళు కుడి నుంచి ఎడమకి నడుస్తాయి, అందుకే కాబోలు ఆవిడ అనుమానపడలేదు.

మేడం భుజం మీదుగా మనవరాలి ముఖం కనిపిస్తోంది. దాని చేతిలో టీ కెటిలు ఉంది. దాని కళ్ళు ఎడమ నుంచి కుడికి నడిచాయి. ఒక వరుస. రెండో వరుస. చివరి దాకా చదివింది. అప్పుడు తలెత్తి నన్ను చూసింది.

ఇప్పుడంటుంది అనుకున్నాను. మేడం, ఆగండి అంటుంది. అదొక్కటీ అంటే చాలు, మిగిలిందంతా ఏమైపోయినా సరే అనుకున్నాను.

"చక్కెర సరిపోయిందా మేడం?" అంది.

సరిపోయిందని ఆవిడ అంది. నా చెయ్యి పట్టుకుని, వానలో కూడా మా కోసం ఆగారు, చాలా సంతోషం పెద్దమ్మగారూ అని కాస్త గట్టిగా, ఆగి ఆగి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు చెప్పింది. నేను ఆ నవ్వే నవ్వాను.

పిల్లలు మేడంని సాగనంపడానికి వెళితే నేను ఒక్కదాన్నే బస్టాపుకి నడిచాను. బస్సొచ్చి నా ఎదురుగానే ఆగింది. బోర్డు నా నెత్తి మీదే ఉంది, వానకి కడిగినట్టుగా, ఒక్కో అక్షరం అరచేయంత. నేను పక్కనున్న మనిషి వైపు తిరిగి, ఇది ఎక్కడికి వెళ్తుంది నాయనా అని అడిగాను. అతను జాలిగా చెప్పాడు. ఎక్కి కూర్చున్నాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. గంట తర్వాత మళ్ళీ వచ్చేస్తుందంది కదా. రాకపోతే? కిటికీలోంచి కనబడిన ప్రతి దుకాణం పేరూ, ప్రతి గోడ మీది రాతా పెదాలు కదుపుతూ చదువుకుంటూ ఇంటిదాకా వెళ్ళాను. పక్కావిడ నాకు దూరంగా జరిగి కూర్చుంది.

ఇంట్లో భోజనాల దగ్గర, ఏమయిందని నా కూతురు అడిగింది. అమ్మమ్మ అదరగొట్టింది అంది మనవరాలు. ఎందులో అని అడిగింది తల్లి. నాటకం సంగతి అప్పటిదాకా దానికి తెలియదు. మనవరాలు నవ్వుతూ మొదలుపెట్టి చెప్పింది, చెబుతూ చెబుతూ నవ్వు తగ్గించుకుంది. నా కూతురు ముద్ద కంచంలోనే వదిలేసి నన్ను చూసింది.

"నువ్వు ఒప్పుకున్నావా అమ్మా?"

"ఒక్క గంటే కదే" అన్నాను.

నా కూతురు లేచి చెయ్యి కడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయింది. ఇంకా వేళ కాలేదు.

కాగితం మీద చదివింది నేను ఎవరికీ చెప్పలేదు. మనవరాలూ చెప్పలేదు. ఆ తర్వాత అది నాతో మరీ ప్రేమగా ఉండటం మొదలుపెట్టింది. నా కాళ్ళకి నూనె రాయడం, నాకు బస్సులో సీటు వెతకడం. నేను దాని కళ్ళలోకి చూస్తే మాత్రం ఏదో పని గుర్తొచ్చేది దానికి. నాకు తెలియదనుకుంటోంది. తెలియని మనిషి ముందు ఇంత తేలిగ్గా తిరగొచ్చన్నమాట అనుకున్నాను. ఇన్నేళ్ళుగా నా ముందు ఎంతమంది ఎన్ని కాగితాలు ఇలా పరిచిపెట్టి ఉంటారో!

వానలు వెనకబడుతుండగా గ్రాంటు మంజూరైంది. మనవరాలు మిఠాయి పొట్లం పట్టుకుని లాండ్రీకి వచ్చింది. ఓనరుకి కూడా పెట్టింది. బొంగరం ఉన్నచోటే రెండు చుట్లు తిరిగింది. షెడ్డు ఆడవాళ్ళు గుమ్మం దాకా వస్తే మనవరాలు వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదివింది. వాళ్ళతో పాటు బొంగరం పేరు, బొత్తాలావిడ పేరు, మడతల పిల్ల పేరు చదివి కాగితం మడిచేసింది.

"మరి పెద్దమ్మ?" అంది బొంగరం.

"అదా" అంది మనవరాలు. "వయసు నిబంధన ఏదో ఉందట. అది కాగితం వరకే. అమ్మమ్మ ఎప్పటిలాగే వచ్చి కూర్చుంటుంది. వాళ్ళు చూడటానికి వచ్చినప్పుడు మాత్రం బయట ఉంటే సరి."

నేను ఆస్పత్రి కోటు చెయ్యి ఇస్త్రీ చేస్తున్నాను. ఆపలేదు.

"వయసు మీరింది" అన్నాను. "నేర్చుకునే దశ దాటిపోయారు. ఈమె మీద శ్రమ వృథా. జాబితాలోంచి తీసి, ఆ చోటు పడుచువాళ్ళకి ఇవ్వాలి."

కోటు తిప్పి రెండో చెయ్యి పరిచాను. తాడు మీది దుప్పట్లోంచి నీళ్ళు నేల మీద పడుతున్నాయి.

మనవరాలి ముఖంలో రక్తం లేదు.

"ఆ కాగితం నీ వైపు లేదు కదా అమ్మమ్మా" అంది. "ఆవిడ వైపు ఉంది."

"నీ పుస్తకం మాత్రం ఎప్పుడు నా వైపు ఉందే?"

మొదట దానికి అర్థం కాలేదు. తర్వాత బల్లని చూసింది. బల్లకి అవతల, గోడ పక్కన, గుడ్డల మూటలు మోస్తున్న పాత ఎత్తు పీటని చూసింది. నన్ను చూసింది. ఇన్నేళ్ళుగా నేను దాని ఎదురుగా నిలబడి ఏం చేశానో దాని కళ్ళకి ఒక్కొక్కటిగా కట్టినట్టుంది. మిఠాయి పొట్లం చేతిలోనే ఉండిపోయింది.

"మరి అక్కడే అనకపోయావా" అంది చివరికి.

"నువ్వంటావని చూశాను."

అది వెళ్ళిపోయింది. పొట్లం బల్ల మీద పెట్టి వెళ్ళింది, ఆవిరికి తడిసిపోతుందని కూడా చూసుకోకుండా.

ఆ తర్వాత జరిగింది నాకు కళ్ళజోడు చెప్పింది. చెప్పింది అనకూడదు, వచ్చి నా మీద విరుచుకుపడింది. మనవరాలు మర్నాడు ఒక్కతే ఆ సంస్థ ఆఫీసుకి వెళ్ళి, మేడం ఎదుట కూర్చుని, వీళ్ళందరికీ చదువొచ్చు, రానట్టు ఉండమని చెప్పింది నేనే అని ఒప్పేసుకుందట. ఎవరినీ అడగలేదట. గ్రాంటు వెనక్కి తీసేసుకున్నారు. ఇకముందు ఈ కాలేజీ పిల్లల దరఖాస్తు తీసుకోవాలా వద్దా అని ఆలోచించాలన్నారట.

"మా అందరి కష్టం అమ్మమ్మగారూ" అంది కళ్ళజోడు, ఏడుస్తూ. "మీరు ఒక్క మాట ఓర్చుకుని ఉంటే పోయేది."

నేను వెళ్ళి చెప్పమని దానికి చెప్పలేదు. చెప్పొద్దనీ చెప్పలేదు. అంతదూరం వెళుతుందని కలలో కూడా అనుకోలేదు. టీ కెటిలు పట్టుకుని నోరు మెదపని పిల్లేనా ఇది అని, నమ్మలేక, అడిగిందే మళ్ళీ అడిగాను. కళ్ళజోడుకి విసుగొచ్చి వెళ్ళిపోయింది.

వెనక గదిలోకి కంబళ్ళు వచ్చాయి. ఓనరు తాళం వేసుకున్నాడు. షెడ్డు ఆడవాళ్ళు గుమ్మం దాకా వచ్చి, తాళం చూసి వెళ్ళిపోయారు. బొంగరం నాతో మాటలు మానేసింది. ఒక రోజు మాత్రం నాకు వినబడేలా, కొందరికి పౌరుషం పుట్టిందంటే పదిమంది దీపాలు ఆర్పేస్తారు అంది, చొక్కా దులుపుతూ. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేముంది? ఇంట్లో నా కూతురు మాత్రం మనవరాలి కంచంలో ఓ గరిటె ఎక్కువే వడ్డిస్తూ వచ్చింది. మేమిద్దరం, నేనూ మనవరాలూ, ఒకరి చెప్పులు ఒకరం తొక్కకుండా నడిచే పొరుగువాళ్ళలా మసిలాం.

ఎండలు మళ్ళీ మొహం చూపించాయి. తాళ్ళన్నీ పెరట్లోకి వెళ్ళాయి. లాండ్రీ లోపల అంత చోటు ఉంటుందని మరిచిపోయాం.

ఆ సాయంత్రం నేను దుప్పట్లు చేస్తున్నాను. మనవరాలు కాలేజీ సంచీతో వచ్చింది. పీట మీది మూటలు దించి, పీట ఈడ్చుకొచ్చి, బల్లకి అవతల వేసుకుని కూర్చుంది. ఇప్పుడు దాని మోకాళ్ళు బల్ల అడుగున తగులుతున్నాయి. సంచీలోంచి పుస్తకం తీసింది. కాసేపు అలాగే పట్టుకుని, మెల్లగా దాన్ని నా వైపుకి తిప్పి పెట్టింది.

నేను పెట్టె పక్కన పెట్టి, పుస్తకం దాని వైపుకి తిప్పాను.

"నీ వైపే ఉండనీ" అన్నాను. "నాకు ఇటు నుంచే అలవాటు."

నేను చదవడం మొదలుపెట్టాను. పెద్ద చదువుల పుస్తకం, మాటలు పొడుగు. రెండు వరుసలు చదివి ఆగిపోయాను. అవతల బల్ల దగ్గర బొంగరం పెట్టె చప్పుడు ఆగింది. తలెత్తి చూస్తే ఆవిడ నా వంక చూడట్లేదు, దుప్పటి అంచే చూస్తోంది. గుమ్మంలో షెడ్డు ఆడమనిషి ఒకతి తడి చేతులతో నిలబడి ఉంది.

"కాస్త గట్టిగా చదవొచ్చుగా పెద్దమ్మా" అంది బొంగరం. "ఇక్కడిదాకా వినబడి చావట్లేదు."

"ఎక్కడున్నానో తప్పిపోయింది" అన్నాను. మనవరాలి వైపు చూశాను. "ఎప్పటిలా వేలు పెట్టవే."

అది అరచేత్తో కళ్ళు తుడుచుకుని, వేలు పెట్టింది.